పెంటమ్మ చేతుల మీద మూడో గుంత

ఎనభై రెండు ఎండకాలంల జఫర్‌గఢ్ అవతలి బీడు మీదికి పురావస్తు శాఖ సార్లు దిగిన్రు. కాలువ తవ్వకముందే ఆ భూమిల పాతకాలపు ఆనవాళ్లేమన్న ఉన్నయేమో గుంతలు తీసి చూడాలన్నరు. పెంటమ్మ కూలికి పోయింది. రెండు గుంతలల్ల మన్ను తప్ప ఏమీ రాలేదు. మూడో గుంతకు పురుషోత్తం సారు తాడు పట్టిన చోటు చూసేసరికి ఆమె చేతిలోని గంప జారింది.

అక్కడ గుండ్రంగా పేర్చిన రాళ్లున్నయి. ఇది రాకాసిగుడి, వేల ఏండ్ల కిందటి సమాధి అని సారు మురిసిపోయిండు.

ఆ రాళ్లు పెట్టింది పెంటమ్మ పెనిమిటి బుచ్చయ్య. అరవై తొమ్మిది తెలంగాణ కొట్లాటల బస్సులు బందయి, జ్వరమొచ్చిన బిడ్డను జనగామ దవాఖానకు నడిచి ఎత్తుకపోతుంటే సగం తొవ్వల భుజం మీదనే చల్లబడ్డది. పసిపిల్లలను కాల్చరు, పూడుస్తరు. వెనక్కి తెచ్చి ఈ బీడులనే పూడ్చిన్రు. నక్కలు తోడకుండ బుచ్చయ్య గుట్ట మీది పాత రాకాసిగుళ్ల రాళ్లే ఒక్కొక్కటి మోసుకొచ్చి చుట్టూ పేర్చిండు. నక్క రాలేదు. బుచ్చయ్య పోయి ఆరేండ్లాయె. ఇప్పుడు ఆ రాళ్లను చూసే గడ్డపార వచ్చింది.

"ఏందక్కా, ఎండ దెబ్బ తాకిందా? జర నీళ్లు తాగు" అన్నడు మేస్త్రీ జలీల్.

పెంటమ్మ సారు ముందల పోయి నిలబడ్డది.

"అండ్ల నా బిడ్డ ఉన్నది సారూ. తవ్వకున్రి."

పురుషోత్తం తాడు చుట్టేసిండు. గుంత పక్కకు జరపగలుగుతడట గానీ కాలువను జరపలేడట. వానలకు ముందే మిషన్ వస్తదట, దానికి రాయీ మనిషి బొక్కా ఒక్కటేనట.

"వేరే జాగల పెట్టుకో అమ్మా" అన్నడు మెల్లగ.

వేరే జాగ. ఆమె గుడిసె కింద నేల కూడ పటేలుదే.

జలీల్ గడ్డపార అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తమ్మీ. నేనే తీస్త."

రాళ్లు తీసి పక్కన పెట్టి, గోళ్లతోనే తోడింది. మోచేతి లోతుల, దిష్టికని బిడ్డ చేతికి కట్టిన నల్లపూసలు నాలుగు దొరికినయి, దారం లేదు. ఇంకేం మిగల్లేదు. సారు కాగితం మీద ఏమీ రాయలేదు.

పూసలతోపాటు ఆ మన్నంత గంపల నింపి నెత్తికెత్తుకున్నది. కాలువకు పోసిన ముగ్గు గీత దాక పోయింది. గీత అవతల పటేలు చెలక. మళ్ల తిరిగొచ్చింది. ఇంకో దిక్కు పోయింది, అక్కడ గూడ ఎవరిదో గట్టు.

పొద్దుగూకే దాక గంప దించలేదు.