పంటికి ఏ పక్కన

ఒక్క అబద్ధం. దాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో నేనూ సంపత్ పీహెచ్‌డీ చేసేవాళ్లం. అతను నెక్కొండ నుంచి రైల్లో వచ్చేవాడు. నాకు జూనియర్, అక్కా అని పిలిచేవాడు. లేజర్ల ఫ్రీక్వెన్సీ కొలవడం మా పని. చిటికెనవేలి గోరంత చిప్‌లోకి కాంతిని పంపితే, దువ్వెన పళ్లలా సమాన దూరాల్లో బోలెడు ఫ్రీక్వెన్సీలు పుడతాయి. కొలవాల్సిన లేజర్ దగ్గరి పంటికి ఎంత దూరంలో ఉందో మీటరు చూపిస్తుంది. పైన ఉందా, కింద ఉందా అన్నది మాత్రం చెప్పదు. అందుకని లేజర్ ఫ్రీక్వెన్సీని కాస్త పెంచి చూడాలి. దూరం పెరిగితే పైన ఉన్నట్టు, తగ్గితే కింద.

సంపత్ కొలిచి కింద అన్నాడు. మర్నాడు నేను కొలిచి పైన అన్నాను. మా గైడు ఇద్దరినీ పిలిచి నిలదీశారు. సంపత్ నావైపు తిరిగాడు.

"జరంత పెంచి చూసినవా అక్కా?"

నేను చూడలేదు. ఏది కదిలించినా, అతికష్టమ్మీద కుదురుకున్న చిప్ మళ్లీ చెదురుతుందన్న భయంతో, పైనే ఉంటుందిలే అనుకున్నాను. ఆ మాటే చెప్పొచ్చు కదా?

"చూసిన తమ్మీ."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది బాగానే అతికింది. సంపత్ నన్ను కాదు, తన చేతినే అనుమానించాడు. నిలకడ లేని చెయ్యి అని గైడు అతన్ని మళ్లీ ఆ బల్ల దగ్గరికి రానివ్వలేదు. కొన్నాళ్లకు పీహెచ్‌డీ మానేసి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక ఒక్కదాన్నే పెంచి చూశాను. దూరం తగ్గింది.

పేపరు పంపే ముందు అంకె దిద్దాను. మళ్లీ కొలిచానని చెబితే గైడు నా నిజాయితీని మెచ్చుకున్నారు. సంపత్ చెప్పిందీ ఇదేనని ఆయనకు గుర్తులేదు, నేను గుర్తు చేయలేదు. ఎందుకు? భయమా? కాదు. ఆ మెప్పు నాకు నచ్చింది, అంతే.

ఈ మధ్య స్టేషన్లో సంపత్ కలిశాడు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాడట. ప్రాక్టికల్స్ మాత్రం వేరేవాళ్లకు అప్పగిస్తాడట. తన చేతికి నిలకడ లేదు కదా అని నవ్వాడు. నేనూ నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అతను ఇది చదువుతాడో లేదో తెలియదు. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. రాసినందుకు కాస్త ఊపిరాడుతోంది.

నీ చెయ్యి మంచిగనే ఉండె తమ్మీ. నేనే చూడలే.