బావిలోకి దిగిన గీత

నిన్న సాయంత్రం అమీన్‌పూర్‌లో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. పక్కనే మా మనవరాలు ఇంటర్ లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని సణుగుతోంది. ఇప్పుడు నేను చెబుతుంటే ఫోన్లో టకటకా కొడుతున్నది కూడా ఈ పిల్లే. ఒక సరళరేఖ సమీకరణం ఇచ్చి, దాన్నే వాలు-అంతరఖండ రూపంలో ఒకసారి, అంతరఖండ రూపంలో ఒకసారి, ఇంకో రూపంలో ఇంకోసారి రాయమన్నారట. దాని పుస్తకంలో ఇంగ్లిషు పేర్లున్నాయిలెండి, నాకు మాత్రం తెలుగు పేర్లే నోటికొస్తాయి. ఎన్నేళ్ళు బోర్డు మీద రాశానో అవి. "అమ్మమ్మా, గీత ఒక్కటే అయినప్పుడు అన్నిసార్లు రాయడం దేనికి? టైం వేస్టు," అంది. సరిగ్గా ఈ మాటే నేను ఒకప్పుడు ఒకాయన్ని అడిగాను. ఆయన చెప్పిన జవాబుని చాలా ఏళ్ళు దేవుడి మాటలా నమ్మాను.

ఆయన మా బావగారు, అంటే మా ఆయనకి, ఈ పిల్ల తాతయ్యకి, అన్నగారు. అన్నదమ్ములిద్దరూ కోస్తా నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గర ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేరారు. నేను పెళ్ళయి వచ్చేనాటికి ఇంటర్ పాసయ్యాను, అంతే. మా బావగారు మహా పద్ధతి మనిషి. స్కూటరు మీద బజారుకి వెళ్ళినా ఫ్యాక్టరీ హెల్మెట్టే పెట్టుకునేవారు. దండెం మీద తువ్వాలు వంకరగా ఆరేస్తే లేచి వెళ్ళి రెండు అంచులూ సమానం చేసి వచ్చేవారు. మా తోడికోడలు నవ్వేది. "పెళ్ళిలో నా మెళ్ళో మూడు ముళ్ళూ కొలిచే వేశారే, అందుకే ఇంతసేపు పట్టింది," అనేది. అలాంటి ఆయనకి నా చదువు మీద ఎందుకు మనసు పడిందో తెలియదు. డ్యూటీ నుంచి వచ్చి, గ్లాసుడు టీలో నాలుగు చెంచాల చక్కెర వేసుకుని, వంటింటి గడప మీద కూర్చుని నాకు లెక్కలు చెప్పేవారు. నేను పప్పు ఎనుపుతూ వినేదాన్ని. ప్రైవేటుగా డిగ్రీ కట్టాను, బి.ఎడ్. చేశాను, పటాన్‌చెరులో ఒక బళ్ళో లెక్కల టీచర్నయ్యాను. అదంతా ఆ గడప మీద మొదలైందే.

ఒకరోజు అడిగాను, గీత ఒక్కటే కదా, ఇన్ని రూపాలెందుకని. ఆయన నవ్వి, "అమ్మాయ్, చొక్కా మార్చినంత మాత్రాన మనిషి మారడు. ఏ రూపంలో రాసినా గీత అబద్ధం చెప్పదు," అన్నారు. తర్వాత నేను ఎందరు పిల్లలకి ఆ మాట చెప్పానో లెక్కలేదు. ఆయన పేరు చెప్పి మరీ చెప్పాను.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీ వాళ్ళు కొందరు కలిసి కిష్టారెడ్డిపేట వైపు ఒక లేఅవుట్లో స్థలాలు తీసుకున్నారు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్నారు. అప్పటికి అక్కడ కంకరరోడ్డు కూడా సరిగ్గా లేదు, రాత్రయితే నక్కల కూతలు. ఇప్పుడు అక్కడ కారు పెట్టడానికి చోటు లేదు. నీళ్ళకి మా అందరికీ ఒక్కటే పెద్ద బావి. కిందంతా బండ. సొంతంగా బోరు వేయించిన వాళ్ళకి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మా లేఅవుట్‌కి ప్రెసిడెంటు మా బావగారే కాబట్టి బావిని కొలిచే పనీ ఆయనదే.

అదొక పండగలా జరిగేది. ఏటా వేసవి చివర, తొలకరి పడకముందు, ఒక ఆదివారం పొద్దున అందరం బావి దగ్గర చేరేవాళ్ళం. ఆడవాళ్ళు బిందెలతో, మగవాళ్ళు పళ్ళు తోముకుంటూ. అడుగుకొక ముడి వేసిన తాడు చివర ఫ్యాక్టరీ తుక్కులోంచి తెచ్చిన ఇంత లావు నట్టు కట్టి, మెల్లగా లోపలికి వదిలేవారు. అడుగు తగిలాక పైకి లాగి, తాడు ఎంతమేర తడిసిందో ముళ్ళు లెక్కపెట్టి గట్టిగా చెప్పేవారు. అదే అంకె బావి గోడ మీద సున్నంతో రాసేవారు. దానికి ముందు పాత అంకెని శుభ్రంగా చెరిపేసేవారు. మనిషి పద్ధతైనవాడు కదా, అందుకే చెరుపుతున్నాడనుకున్నాం. చెప్పడంలో కూడా ఒక చమత్కారం ఉండేది. మొదటి ఏడు ముప్పై ఆరు అడుగులుంటే, "డాబా మీద డాబా, దాని మీద డాబా," అన్నారు. ఇంకో ఏడు ఏనుగుల లెక్కలో చెప్పారు, మరో ఏడు తాటిచెట్ల లెక్కలో. అందరం నవ్వుకుని బిందెలు నింపుకుని ఇళ్ళకి పోయేవాళ్ళం. ఏనుగుని తాటిచెట్టు పక్కన నిలబెట్టి, ఎంత తగ్గిందో చూడాలని ఒక్కరికీ తోచలేదు.

మా ఎదురింట్లో కిరాయికి ఉండే ఒకావిడ నాకు ప్రాణస్నేహితురాలు. కొండాపూర్ దగ్గర పల్లె వాళ్ళది, వ్యవసాయం కుటుంబం. భర్త ఏదో మందుల కంపెనీలో పనిచేసేవాడు. నేను ఆవిణ్ణి అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లే అనేది. నాకు జొన్నరొట్టె కొట్టడం నేర్పింది ఆవిడే. నా మొదటి రొట్టె చూసి, "ఇది రొట్టెనా, ఇండియా మ్యాపా? నీ బావగారికి సూపియ్యకు, స్కేలు పట్టుకొస్తడు," అంది. బళ్ళో పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో నా పిల్లలకి ఆవిడే అన్నం పెట్టేది.

మొదటి కొలతకి నాలుగేళ్ళ తర్వాత, ఆ ఏటి బావి కొలిచిన కొన్నాళ్ళకి మా బావగారు ఇల్లు అమ్ముతామన్నారు. మా తోడికోడలికి మోకాళ్ళ నొప్పులు, హైదరాబాదులో పుట్టింటివాళ్ళ దగ్గర ఫ్లాటు చూసుకున్నామన్నారు. నాకు ఏడుపొచ్చింది. కాని ఆ ఇల్లు కొంటున్నది కొండాపూర్ అక్క అని తెలిసి ఎంత సంతోషించానో. ఆవిడ పుట్టింటి భూమి అమ్మి వచ్చిన వాటాతో ఇల్లు కొనుక్కుంటోంది. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

"చెల్లే, ఇల్లయితే మంచిగనే ఉంది. బాయి సంగతేంది చెప్పు. మావోళ్ళు బాయి సూడకుంట ఏదీ కొనరు. నీ బావగార్ని అడిగితే, నేను అమ్ముకునేటోణ్ణి గదా, నా మాటెందుకు, మా మరదల్ని అడుగుండ్రి, లెక్కల టీచర్, అబద్ధం రాదు అన్నడు."

నేను పొంగిపోయాను. మా బావగారు నా గురించి అంత మాట అన్నారని. "ఇరవై అడుగులుంది అక్కా. నేనే చూశాను, నా కళ్ళ ముందే కొలిచారు. ఏం భయం లేదు," అన్నాను.

"నువ్వన్నవంటె ఇగ సాలు," అని లేచింది. శ్రావణమాసంలో రిజిస్ట్రేషన్ అయిపోయింది.

దసరా సెలవులయ్యాక పదో తరగతికి రెండు బిందువుల రూపం చెప్పాలి. నాకు పుస్తకంలో అంకెలు వేస్తే పిల్లలు నిద్రపోతారని భయం, ఇంటి నుంచో వీధి నుంచో ఏదో ఒకటి తెచ్చి చెప్పేదాన్ని. ఆ రోజు మా బావిని తెచ్చాను. అడ్డంగా ఏళ్ళు, నిలువుగా నీళ్ళు. గృహప్రవేశం అయిన ఏడు ముప్పై ఆరు, ఒక బిందువు. నాలుగేళ్ళ తర్వాత ఇరవై, రెండో బిందువు. రెండు బిందువులు దొరికితే గీత దొరికినట్టే, అది కూడా ఆ గడప మీద నేర్చుకున్నదే. వాలు కట్టాను, ఏడాదికి నాలుగడుగులు కిందికి. వై ఈజ్ ఈక్వల్ టు ముప్పై ఆరు మైనస్ నాలుగు ఎక్స్. పిల్లలు రాసుకున్నారు. ఈ రూపం మొదటి రోజు ఎంత ఉందో చెబుతుంది, ఏటా ఎంత పోతుందో చెబుతుంది. చూడటానికి ఎంతో నిమ్మళంగా ఉంటుంది. ఇప్పుడు దీన్నే అంతరఖండ రూపంలోకి మారుద్దాం అని, చేతి అలవాటున రాసుకుంటూ పోయాను. ఎక్స్ బై తొమ్మిది ప్లస్ వై బై ముప్పై ఆరు ఈజ్ ఈక్వల్ టు ఒకటి.

రాశాక చూశాను. ఎక్స్ కింద తొమ్మిది. గీత అడ్డగీతని తాకే చోటు అది. తొమ్మిదో ఏడు బావిలో సున్నా. నాలుగేళ్ళు అప్పటికే అయిపోయాయి. పిల్లలు, "టీచర్, తర్వాత?" అంటున్నారు. తర్వాత ఏముంది. ఆ గీతని నాకన్నా ముందే చూసిన మనిషి ఒకాయన ఉన్నాడని, నాకు గీతలు చూడటం నేర్పిందే ఆయనని తట్టి, సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

సాయంత్రం బస్సు దిగి నేరుగా బావగారింటికే వెళ్ళాను. ఖాళీ చేయడానికి గడువు తీసుకున్నారు, అప్పుడే సామాను సర్దుతున్నారు. మా బావగారు ట్రంకు పెట్టెకి తాడు బిగిస్తున్నారు, ముడి కూడా సరిగ్గా మధ్యలోకి వచ్చేలా. నిలబడే అడిగాను.

"బావగారూ, తొమ్మిదో ఏడు బావి ఎండిపోతుందని మీకు తెలుసా?"

ఆయన తలెత్తి చూశారు. ముఖంలో కంగారు లేదు. పాఠం అప్పగించిన పిల్లని చూసినట్టు చూశారు. "రెండు బిందువుల మీద వేశావా? మూడో ఏటికే నాకు తేలింది," అన్నారు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నేనేం అబద్ధం చెప్పానమ్మా? ముప్పై ఆరు ఉన్నప్పుడు ముప్పై ఆరన్నాను, ఇరవై ఉన్నప్పుడు ఇరవై అన్నాను. ఎప్పటిదాకా ఉంటాయని ఎవరూ అడగలేదుగా."

"అక్క అడిగింది. మీరు నా దగ్గరికి పంపారు."

ఆయన తాడు కొస సరిచూసుకున్నారు. "మేం కూడా ఇక్కడే ఉంటాం కదా బావగారూ," అన్నాను. "మీకు మంచి సమయం చూసి చెబుదామనుకున్నాను," అని మళ్ళీ ముడి మీదకి వంగారు. మా తోడికోడలు వంటింట్లోంచి తొంగి చూసి, నా కళ్ళల్లోకి చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "అన్నయ్య అన్నీ ఆలోచించే చేస్తాడు," అని పేపరు తిప్పారు. ఆ రాత్రి నేను వండిన వంకాయకూర చప్పగా ఉన్నా అందరం తిన్నాం. ఉప్పు వేయడం మరిచిపోయాను. ఎవరూ అనలేదు, ఆ ఇంట్లో అనకపోవడం అలవాటే అని అప్పుడే తెలిసింది.

మర్నాడు కొండాపూర్ అక్కకి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. కాగితం మీద గీత గీసి చూపించాను. ఆవిడ దాన్ని చూడనేలేదు, నా ముఖమే చూసింది.

"గా లెక్క నీకు నిన్ననే వచ్చిందా చెల్లే?"

"నిజమే అక్కా, నిన్ననే," అన్నాను. నా చెవులకే అది అబద్ధంలా వినబడింది. లెక్కల టీచర్ని, ఏటా బావి దగ్గర నిలబడ్డదాన్ని, ఆయన మరదల్ని. ఆవిడ కొంగు దులుపుకుని లేచింది. "నీ బావ మాట ఇని కొనలే. నీ మాట ఇని కొన్న," అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే ఎంతో బాగుండేది. తర్వాత కూడా ఎదురుపడితే పలకరించేది, పిల్లల్ని దగ్గరికి తీసేది. కాని మళ్ళీ మా వంటింటి లోపలికి రాలేదు. రొట్టెలు పంపడం మానలేదు, పిలిచి ఇవ్వడం మానేసింది. గిన్నె అరుగు మీద పెట్టి వెళ్ళేది.

మరుసటి వేసవికి మా బావగారు లేరు. వెళ్ళేటప్పుడు ఆ ముళ్ళ తాడు మా ఇంట్లో వదిలి వెళ్ళారు. అందరూ బిందెలతో చేరి, టీచరమ్మా నువ్వే వెయ్యి అన్నారు. నట్టు అడుగు తగిలింది. పైకి లాగి ముళ్ళు లెక్కపెట్టాను. పదహారు. నోరు తెరవబోయాను. వెనక నుంచి కొండాపూర్ అక్క గొంతు వినబడింది.

"అడుగులు చెప్పకు చెల్లే. ఏండ్లు చెప్పు."

అందరూ ఆవిడ వైపు తిరిగారు, తర్వాత నా వైపు. సున్నం బ్రష్షు చేతిలో ఉంది. "నాలుగు," అన్నాను. గోడ మీద అదే రాశాను. పాత ఇరవైని చెరపకుండా, దాని పక్కనే. ఆ ఏడు ఎవరూ నవ్వలేదు. తాగే నీళ్ళ కోసం మగవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగడం ఆ రోజే మొదలైంది. గీత కాగితం మీద ఉన్నంత బుద్ధిగా నేలలో ఉండదు. చుట్టూ అపార్టుమెంట్లు లేచి లోతైన బోర్లు దింపాక మా బావి నేను చెప్పిన గడువు కంటే ముందే ఎండింది. కొన్నాళ్ళు ట్యాంకర్ల వెంట పరుగులు పెట్టాం, తర్వాత పైపు వచ్చింది. కొండాపూర్ అక్క ఇల్లు అమ్ముకుని ఊరికి పోయింది. ఎవరికి అమ్మిందో వాళ్ళకి బావి సంగతి ముందే చెప్పి, తక్కువకి ఇచ్చి పోయిందని విన్నాను. నాకు చెప్పకుండానే పోయింది. పొద్దున లేచి చూస్తే అరుగు మీద మా గిన్నె ఉంది, కడిగి బోర్లించి.

మా బావగారు పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కలిసేవారు. "మా మరదలు, నా శిష్యురాలు," అని అందరికీ పరిచయం చేసేవారు. నేను వంగి దండం పెట్టి, టీలో నాలుగు చెంచాల చక్కెర వేసి ఇచ్చేదాన్ని. ఆయన పోయి చాలా కాలమైంది. నాకు లెక్కలు చెప్పిన రుణం ఒక పక్కా, నా మాటని ఆయన అమ్ముకున్నారన్న కోపం ఒక పక్కా, రెంటినీ ఒకే సమీకరణంలో పెట్టడం నాకు ఈ రోజుకీ చేతకాలేదు.

అందుకే తల్లీ, నువ్వు అడిగినదానికి మా బావగారి జవాబు చెప్పను. గీత ఒక్కటే, నిజమే. కాని ఏ రూపంలో రాయాలో ఎంచుకునేది మనిషి, ఆ మనిషి చూపించదలుచుకున్నదే నీకు ముందు కనబడుతుంది. ఎవరైనా ఒక రూపంలో చూపిస్తే నువ్వు కూర్చుని మిగతావన్నీ రాసి చూసుకో. పేజీలు నిండితే నిండనీ. ఇది కూడా కొట్టు ఫోన్లో: నా పుట్టినరోజుకి మీరంతా కేకు మీద నాకు నిండిన ఏళ్ళు రాసి చప్పట్లు కొడతారు, నేనూ నవ్వుతూ కొవ్వొత్తి ఊదేస్తాను. కాలం కూడా మా బావగారిలాగే ఏటా తాడు వేసి నిండినవెన్నో చెప్పి పోతుంది, ఎప్పటిదాకా అని మాత్రం ఎవరూ అడగలేదుగా.