హెడర్‌లో నేను అతికించిన లైను

హిందీ రాష్ట్రంలో ఉన్న మా రైల్వే కాలనీ తెలుగు సంఘానికి వెబ్‌సైటు చేసింది నేను. క్వార్టర్లలోకి ఇంటర్నెట్ కొత్తగా వస్తున్న రోజులవి. సంఘం కార్యదర్శి మా నాన్నే. కనబడ్డవాళ్లందరికీ నా గురించి చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆ మురిపెం ఏడాది నిలిచింది. తర్వాత ఆ పిల్ల వచ్చింది.

నాన్న స్నేహితుడి కూతురు. కాలనీ అవతల లింగియాడీహ్ బస్తీ నుంచి సైకిలు మీద వచ్చేది. తెలుగు కూడబలుక్కుని చదివేది, అదొక్కటే నాకు ఊరట. వార్షిక సమావేశానికి వచ్చేవాళ్లు పేర్లు నమోదు చేసుకోవడానికి సైటులో ఒక ఫారం పెట్టింది. పెట్టగానే మొదటి పేజీలో ఒకదాని వెనక ఒకటి జరుగుతూ వచ్చే నా ఫొటోలు కదలడం మానేశాయి.

"చూశావా నాన్నా, వేలు పెట్టి చెడగొట్టింది," అన్నాను.

ఆమె పేజీ సోర్సు, అంటే వెనకున్న కోడు, తెరిచింది. "అక్కా, ఒకే ఫైలు దో బార్ ఆ రహీ హై. రెండుసార్లు," అంది.

నా ఫొటోలకూ తన ఫారానికీ ఆధారం ఒకటే స్క్రిప్టు ఫైలు. ఫారం లాంటిది అడిగితే సైటు నడిపే సాఫ్ట్‌వేర్ దాన్ని తనే తెస్తుంది. అది తెలియక నేను ఇంకో కాపీని థీమ్ హెడర్‌లో, అంటే ప్రతి పేజీకీ పైన చేరే ఫైలులో, చేత్తో అతికించాను. రెండోది వచ్చి మొదటిదాన్ని తోసేస్తోంది. ఆమె నా లైన్లు తీసేసి, థీమ్ ఫంక్షన్ల ఫైలులో సాఫ్ట్‌వేర్‌కు చెప్పాల్సింది చెప్పింది: ఫొటోల స్క్రిప్టు కావాలి, దానికంటే ముందు ఆ ఫైలు రావాలి, అదీ ఒక్కసారే. ఫొటోలు కదిలాయి.

స్టేషన్ మాస్టరుగా పాతికేళ్లు ఒకే లైనులోకి రెండు బళ్లు రాకుండా చూసిన నాన్నకు ఇది నాకంటే ముందే అర్థమైంది.

"పక్క స్టేషన్ని అడక్కుండా బండి వదిలేసేవేటమ్మా?" అని నన్ను చూసి నవ్వాడు. నవ్వి, డ్యూటీకి తీసుకెళ్లే ఫ్లాస్కు మూతలో ఆమెకు టీ పోశాడు. చిన్నప్పటి నుంచీ ఆ మూతలో తాగింది నేనొక్కదాన్నే.

సమావేశం రోజు పొద్దున్న నా పాత లైను ఒకటి తీసుకెళ్లి హెడర్ చివర మళ్లీ అతికించాను. అందరి ముందూ ఆమె పరువు పోవాలి, అంతే.

హాల్లో తెర మీద సైటు వేయగానే ఫొటోలు బిగుసుకుపోయాయి. ఫారం కూడా పనిచేయలేదు. నాన్న ముఖం వాడిపోయింది.

"ఏటైందమ్మా?" అని ఆమెనే అడిగాడు.

ఆమె సోర్సు తెరిచి, నా లైను దగ్గర ఆగింది. తల తిప్పి నన్ను చూసింది. నేను చూపు తెర మీదికి తిప్పేశాను.

"పాత లైన్ రహ్ గయీ, మావయ్యా, తియ్యడం మర్చిపోయాను. నాదే తప్పు," అని దాన్ని తీసేసింది. ఫొటోలు కదిలాయి. జనం చప్పట్లు కొట్టారు.

"అచ్ఛా, పర్లేదమ్మా. తప్పు ఒప్పుకున్నావు, అదే సాలు," అంటూ నాన్న ఫ్లాస్కు మూత విప్పాడు.

నా తప్పు నెత్తిన వేసుకున్న మనిషికి చేతులెత్తి మొక్కాల్సింది. నేను మాత్రం ఈసారీ టీ ఆమెకే పోశాడని, ఆ మూత వైపే చూస్తూ కుళ్లుకుంటూ కూర్చున్నాను.