పదో వంతు బిగుతు

మా అత్త కుట్టిన చొక్కా బిగుతుగా ఉందని ఇరవయ్యేళ్లలో ఒక్కరు కూడా వెనక్కి తేలేదు. ఈ మాట ఆమె చెప్పుకోదు. సొంత డప్పు కొట్టుకోవడం ఆమెకు చేతకాదు, అందుకే ఆ పని నేను చూసుకుంటాను. అత్త మా నాన్నకు చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. మా ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని వీధి వీధంతటికీ కుట్టిపెట్టేది.

ఆమె ఎడమచెయ్యి ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. పంతొమ్మిదేళ్లప్పుడు ఆ చేతి మీద కాగే నూనె ఒలికింది. పుండు మానింది గానీ మచ్చ ఉబ్బి, గట్టిపడి, మూడు వేళ్లను అరచేతిలోకి లాగేసింది. బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి. ఆ రెండింటితోనే గుడ్డ పట్టుకునేది. ఎవరైనా అయ్యో పాపం అన్నారో, ఆమెకు ఒళ్లు మండిపోయేది. "కుట్టు చూడండి, చెయ్యి కాదు" అనేది.

కుళాయి దగ్గర మాత్రం ఆమె ముఖం మారిపోయేది. చిన్నప్పుడు నేను ఆడి ఆడి వచ్చి దోసిలి పట్టి గటగటా తాగుతుంటే, పక్కన నిలబడి నా చేతుల వంకే చూసేది. "దోసిలితో తాగితే ఆ నీళ్ల రుచే వేరు కదే" అంది ఒకసారి. నేను పరుగున వెళ్లి గ్లాసు తెచ్చిచ్చాను. "గ్లాసెవరడిగారే, మొద్దూ!" అని కసిరింది. ఎందుకు తిట్టిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

విశ్వవిద్యాలయం నుంచి ఒక డాక్టరమ్మ మా ఇంటికి వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. అక్కడ ఆమె కాలిన గాయాల మీద పరిశోధన చేస్తోందట.

"గాయం మానగానే ఒంటికి అతుక్కుపోయే తొడుగు వేసి, ఏడాది పాటు రాత్రీపగలూ ఉంచితే మచ్చ ఉబ్బదమ్మా, వేళ్లు ముడుచుకోవు. బయటి దేశాల నుంచి తెప్పించేవి మామూలు జనం కొనలేరు. ఇక్కడి గుడ్డతోనే కుట్టించి, ఎంత బిగుతు కావాలో తేల్చాలి. ప్రభుత్వం మూడేళ్లకు నిధులిచ్చింది" అని చెప్పింది.

నా నోరు ఊరుకుంటుందా? "జనం కట్టే పన్నులతో కాగితాలు నింపుకోవడమేగా మీ పని!" అనేశాను.

"జనం డబ్బే. అందుకే ఈ వీధిలో మంచి దర్జీ ఎవరని అడుగుతూ వచ్చాను" అంది ఆమె నవ్వుతూ.

అత్త మా గొడవ పట్టించుకోలేదు. ఎడమచెయ్యి ముందుకు చాపి, "దీనికి పనిచేస్తుందా?" అని అడిగింది. పరాయి మనిషి ముందు ఆమె ఆ చెయ్యి చాపడం అంతకుముందు నేను చూడలేదు. డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"మొదటి ఏడాదిలో అయితే పనిచేసేదమ్మా. ఇప్పుడు కీళ్లు కూడా బిగుసుకుపోయాయి."

"సరే, ఆ గుడ్డ చూపించండి" అంది అత్త.

పని చూడ్డానికి సులువే. ఆసుపత్రిలో కాలిన గాయం మానిన పిల్లల చెయ్యి తెల్లకాగితం మీద ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ కొలతకు పదో వంతు తగ్గించి కుట్టాలి. కానీ ఒంటికి హాయిగా ఉండేలా కుట్టడమే పనితనమని నమ్మిన మనిషికి, కావాలని బిగుతుగా కుట్టమంటే చేతులాడతాయా? వారం రోజులు గొణిగి గొణిగి, చివరికి దారిలో పడింది.

అప్పుడొచ్చింది పిచ్చుక. ఎనిమిదేళ్ల పిల్ల. క్షణం నోరు మూయదు కాబట్టి అందరూ అలాగే పిలిచేవాళ్లు. కాలింది ఎడమచెయ్యే, మా అత్తకు కాలిన చోటే. తొడుగు వేయగానే, "అత్తా, నొక్కేస్తోంది, తీసెయ్ అత్తా!" అని ఒకటే ఏడుపు. మా అత్త గుండె నీరైపోయింది. ఎవరికీ చెప్పకుండా చిటికెనవేలి పక్క కుట్టు విప్పి, రవ్వంత వదులు చేసింది. వారం తిరిగేసరికి పిచ్చుక మళ్లీ ఏడ్చింది. అత్త మళ్లీ రవ్వంత వదిలింది.

రెండు నెలలకు ఆసుపత్రిలో మా ముందే డాక్టరమ్మ పిల్లల చేతులన్నీ చూసింది. అందరి మచ్చలూ అణుగుతున్నాయి, పిచ్చుకది మాత్రం ఉబ్బింది. చిటికెనవేలు లోపలికి వంగుతోంది. "పదో వంతు చాలదేమో. మన లెక్కే తప్పేమో" అని డాక్టరమ్మ తల పట్టుకుంది.

 అత్త ఊరుకుంటే తప్పు లెక్క మీదికి పోయేది. ఆమె ఊరుకోలేదు.

"లెక్క సరిగానే ఉందమ్మా. నేనే కుట్టు విప్పాను. ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"ఈ మాట దాచి ఉంటే పిచ్చుక చెయ్యే కాదు, రేపు ఈ కొలతలు నమ్మి కుట్టించుకునే పిల్లలందరి చేతులూ పోయేవి!" అని డాక్టరమ్మ కేకలేసింది. కాసేపటికి గొంతు తగ్గించి, "ఇంకా టైముంది. ఒక్కరోజు కూడా వదలకూడదు, అంతే" అంది.

ఇంటికొచ్చాక అత్త మిషను ముందు ఊరికే కూర్చుంది. "నా చెయ్యి నా రాతనుకున్నానే. దాని చెయ్యి నేనే మూసేస్తున్నాను" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడే పిచ్చుక తొడుగు కొలత ప్రకారం మళ్లీ కుట్టింది. పది నెలల పాటు రోజూ పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, స్నానం కాగానే తనే తొడిగి వచ్చేది. వానొచ్చినా మానలేదు, జ్వరమొచ్చినా మానలేదు. "నువ్వంటే నాకు అసహ్యం!" అని అరిచేది పిచ్చుక. "అలాగే తల్లీ, అసహ్యించుకో. చెయ్యి మాత్రం ఇటు ఇవ్వు" అనేది అత్త. గుమ్మం దాటాక కళ్లు తుడుచుకునేది.

పది నెలలయ్యాక డాక్టరమ్మ బల్ల మీద తెల్లకాగితం పరిచింది. పిచ్చుక చెయ్యి పెట్టింది. అయిదు వేళ్లూ కాగితానికి ఆనాయి. చిటికెనవేలు కూడా! పిచ్చుక అత్త మెడ చుట్టూ చేతులేసి ఊగింది.

ఆ కొలతలన్నీ కలిపి విశ్వవిద్యాలయం ఒక చిన్న పుస్తకం వేసి, ఆసుపత్రులకు ఉచితంగా పంపింది. ఎవరెవరో దర్జీలు వచ్చి అత్త దగ్గర పని నేర్చుకుని వెళ్లారు. పుస్తకం చివర "ఏడ్చినా సరే, కుట్టు విప్పకండి" అని ఉంటుంది. అది అత్త చెప్పి రాయించిన మాట. పన్నుల సంగతి నేను మళ్లీ ఎత్తితే ఒట్టు.

పిచ్చుక చెయ్యి ఆనిన ఆ మధ్యాహ్నం ఇంటికి రాగానే అత్త కాగితం పరిచి, తన కుడిచెయ్యి ఆనించి, ఎడమచేతి రెండు వేళ్లతో పెన్సిలు పట్టి తంటాలు పడుతూ గీసింది. కాగితం తిరగేసింది. కుడిచెయ్యి గీత ఎడమచెయ్యి గీతయింది. దాన్ని బట్టి కత్తిరించి, కూర్చుని కుట్టేసింది.

"ఎవరికత్తా ఇది?"

"నాకే. పంతొమ్మిదేళ్లప్పుడు వేసుకోవాల్సింది."

"ఇప్పుడు ఎక్కదుగా!"

"నాకు తెలీదూ? నువ్వు వేసుకో, చూస్తాను."

నా ఎడమచేతికి అది సరిగ్గా సరిపోయింది. "తెరువు" అంది, తెరిచాను. "మూయి" అంది, మూశాను. "తెరువు" అంది మళ్లీ. వేలు వేలునూ తడిమి చూసింది. తర్వాత తొడుగు లాగేసి, నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది.

"నీ ఎడమచెయ్యి ఇటు పట్టవే."

ఆమె కుడిచేతి పక్కన నా ఎడమచెయ్యి ఆనించాను. దోసిలి కుదిరింది. ఆమె వంగి తాగింది. సగం నీళ్లు మా కాళ్ల మీదే పోయాయి. ఇరవై రెండేళ్ల తర్వాత దోసిలితో తాగిన మనిషి మూతి తుడుచుకోలేదు. చెయ్యి కూడా తీయలేదు.

"ఇంకోసారి పట్టవే" అంది.