చూడమని నిలబెట్టిన మనిషి

మా బావని తెలిసినవాళ్ళంతా డేగ అంటారు. ఎత్తైన భవనాల గోడల్లో పగుళ్ళని డ్రోన్‌తో ఫొటోలు తీసి చూపించడం ఆయన పని. ఆ పేరంటే మహా మురిపెం. అందుకే చూపు మందగిస్తోందనీ, అది అద్దాలకి లొంగేది కాదనీ డాక్టరు చెప్పిన సంగతి మా అక్కకి తప్ప ఎవరికీ పొక్కనివ్వలేదు. నాకూ అక్క చెబితేనే తెలిసింది. ఏడాదిగా చేతిలోని రిమోట్ తెర మీద డ్రోన్ పంపే బొమ్మ చూసి నెట్టుకొస్తున్నాడు.

చట్టం మాత్రం తెరని లెక్కచేయదు. డ్రోన్‌కి నంబరుండాలి, బీమా ఉండాలి, మనుషుల మీదుగా పోకూడదు. అన్నిటికీ మించి, ఎగిరినంతసేపూ నడిపేవాడి కంటికే కనబడుతుండాలి. పక్కన ఇంకో మనిషి నిలబడి ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషి మా అక్క.

లైసెన్సు గడువు తీరింది. మళ్ళీ ఇవ్వాలంటే అధికారి ఎదుట ఎగరేసి చూపించాలి. అది రాకపోతే ఇల్లు గడవదు. సామాను మోస్తూ నేనూ వెళ్ళాను. పరీక్ష పెట్టిన చోట భవనానికి రంగులు వేసేవాళ్ళు తాళ్ళకి వేలాడుతున్నారు. డ్రోన్ పైకి లేచాక అధికారి తెర మీద అట్ట పెట్టి, ఎక్కడుందో చూపించమంది. బావ తడుముకోకుండా అదిగో అన్నాడు. ఆయన వేలు చూపించిన చోట గద్ద తిరుగుతోంది.

అధికారి కాగితాల్లో ఏదో రాసుకుంటూనే, గోడకి దూరంగా జరపమంది. బావ గద్దని చూస్తూ మీట తోశాడు. డ్రోన్ తిన్నగా గోడవైపు తిరిగింది.

"ఆపండి," అంది అక్క. "మీరు చూస్తున్నది పక్షిని. డ్రోన్ తాళ్ళ మీదకి పోతోంది."

బావ మీట వదిలేశాడు. అక్క చెప్పినట్టల్లా తిప్పుతూ కిందకి దించాడు. ఎండ కళ్ళలో పడిందా అని అధికారి మెత్తగానే అడిగింది. ఔనంటే గండం గడిచేది.

"కాదండీ. ఏడాదిగా ఆయనకి దూరపు చూపు ఆనడం లేదు," అనేసింది అక్క.

లైసెన్సు అక్కడితో ఆగిపోయింది. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? అక్క మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చాం. చెప్పులు విడుస్తూ, నా కడుపు కొట్టావు అన్నాడు బావ అక్కతో.

"చూడమనే కదా నన్ను నిలబెట్టారు. చూసింది చెప్పాను."

బావ గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. తాళ్ళ మీద ఎంతమంది ఉన్నారని అడిగాడు. ముగ్గురంది అక్క.

"నాకొక్కడే కనబడ్డాడు," అన్నాడు బావ.