నాలుగో నెంబరు తుపాకి చూసిన యుద్ధం

గత నెలలో మా కింది వాటా వాళ్ళు ఎక్కడో పాత ఇల్లు పడగొడుతుంటే ఒక టేకు తలుపు కొనుక్కొచ్చి, వడ్రంగి చేత దానికి అవిసె నూనె పట్టించారు. నేను కూరగాయల సంచితో మెట్లెక్కుతూ ఆ వాసన దగ్గర ఆగిపోయాను. పచ్చిగానూ కాక, మాడినట్టూ కాక, ఎక్కడో కాస్త చేపనూనెను తలపించే ఆ వాసన చాలామందికి రంగుల దుకాణాన్ని గుర్తు చేస్తుందేమో. నాకు మాత్రం మా నాన్న పనిచేసిన మిషన్ బడి వసారా, అక్కడ గోడకు వరసగా ఆనించిన ఆరు పాత తుపాకులు కళ్ళ ముందుకొచ్చాయి. నేను కదలకపోవడం చూసి వడ్రంగి, "రంగు నచ్చలేదా మేడమ్" అని అడిగాడు.

మా ఊరు తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉండేది. ఊరికి పడమట పెన్న కాలువ నీళ్ళతో పండే వరి, తూర్పున ఉప్పు కయ్యలు, వాటి ఆవల సరుగుడు తోపులు, ఆ పైన ఇసుక దిబ్బలు. కార్తీకంలో పట్టుకున్న వానలు క్రిస్మస్ దాకా వదిలేవి కావు. అవి వెనకబట్టాక కయ్యల్లోకి ఉప్పునీరు పెట్టేవాళ్ళు. మాఘమాసపు ఎండకు అది తెల్లగా పేరుకుని, మధ్యాహ్నం పూట అటు చూస్తే కళ్ళు వాటంతట అవే మూసుకుపోయేవి. బడి వెనక రెండు గదుల్లో మా కాపురం. క్రిస్మస్‌కు వండిన అరిసెలు డబ్బా అడుగున రాళ్ళలా గట్టిపడితే, అమ్మ వాటిని రోట్లో చితక్కొట్టి పాలలో నానేసి పెట్టేది. చైనా యుద్ధం ముగిసిన కొత్త అది. నాకు పదేళ్ళు. బిళ్ళంగోడు, వామనగుంటలు అన్నీ మూలపడి, ఊళ్ళో పిల్లలందరం తాటి మట్టలు తుపాకుల్లా భుజాన పెట్టుకుని యుద్ధం ఆటే ఆడుతుండేవాళ్ళం. చైనావాళ్ళుగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోకపోవడంతో ఆట మొదలవకుండానే సగం పొద్దు గడిచిపోయేది.

ఆ రోజుల్లోనే హోంగార్డులకు శిక్షణ ఇవ్వడానికి ఒక హవల్దారు గారు పొడవాటి చెక్కపెట్టెతో ఎద్దులబండి మీద మా బడికి వచ్చారు. పేరు మునుస్వామి, సత్యవేడు వైపు మనిషి, పెన్షను పుచ్చుకున్నా మీసం మెలి వదలనివాడు. ఎడమ మోకాలు వంగదు కనుక ఎక్కడికి పోయినా ముందు కుర్చీ పోవాలి. పెట్టెలోంచి ఆరు తుపాకులు తీసి, చుట్టుపట్ల నుంచి ఎంచిన ఆరుగురు కుర్రాళ్ళకూ తలా ఒకటి ఇచ్చి, నెంబర్లు పుస్తకంలో రాసుకున్నారు. "ఈ పొద్దు ఏ నెంబరు ఎవురికొచ్చిందో కడదాకా అదే. పెండ్లాం మాదిరి. బాగలేదని మారిస్తే ఊరు నవ్వుతుంది" అన్నారు. మర్నాడే ఒకడు తన తుపాకి బరువని గొణిగితే, దాన్ని రెండు చేతులా తలపైకెత్తించి బడి చుట్టూ పదిసార్లు పరుగెత్తించారు. ఆ తర్వాత తుపాకి మీద ఎవరూ నోరెత్తలేదు.

నాలుగో నెంబరు ఏలియన్నకు వచ్చింది. ఏలియన్నకు పంతొమ్మిదేళ్ళు, ఎనిమిదో తరగతి దాకా మా నాన్న దగ్గరే చదివాడు. తండ్రి లేడు. తల్లి సుందరమ్మ, తనూ కయ్యల్లో ఉప్పు లాగేవాళ్ళు. ఉప్పులో ఏళ్ళ తరబడి నిలబడిన సుందరమ్మ పాదాలు ఎండిన చెరువులా పగిలి ఉండేవి, సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని వాటికి ఆముదం రాసుకుంటూ, "ఉప్పుకి నా కాళ్ళిచ్చినా, అది చాల్లే. వాడి కాళ్ళు ఇయ్యను" అని మా అమ్మతో అనేది. శిక్షణ చివర్న అయిదు గుళ్ళలో మూడు నల్లటి వృత్తంలో కొట్టినవాళ్ళ పేర్లు నెల్లూరులో పట్టాళపు ఎంపికకు పంపుతామని హవల్దారు గారు చెప్పారు. కొట్టలేనివాడి పేరు అక్కడికక్కడే కొట్టేస్తారు. మూడు శనివారాలు కాల్పులు. మూడోదే లెక్కలోకి వచ్చేది.

మిగతా అయిదు తుపాకులూ ఒక ఎత్తు, ఆ నాలుగోది ఒక ఎత్తు. దాని ఉక్కు మీద అరిగిన కిరీటం గుర్తు, చదవడానికి రాని అక్షరాలు, పందొమ్మిది వందల పదిహేడు అనే అంకె ఉండేవి. గొట్టం కింది చెక్కకు రాగితీగ దగ్గరదగ్గరగా చుట్టి ఉంది. చెక్క మీద ఒకచోట అరచేయంత నల్లమచ్చ. అది నెత్తురని మేమందరం నమ్మాం. ఎవరి నెత్తురు, ఏ దేశంలో, పట్టుకున్నవాడిదా ఎదురుగా ఉన్నవాడిదా అన్నది మాకు తెగని సమస్య. ఊళ్ళో యుద్ధం చూసిన మనిషి కోటయ్య తాత ఒక్కడే కనుక, అందరం ఆయన చుట్టూ చేరాం. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన ఇరాకులోని బస్రా దాకా పోయివచ్చాడు.

"ఈ తీగ ఎందుకు చుట్టినారో తెల్సునా? బస్రా ఎండకి గొట్టం పెనం మాదిరి కాలతాది. చెయ్యి బొబ్బలెక్కకుండా చుట్టుకోవాల" అన్నాడు తాత.

"నువ్వు కంచరగాడిదలు తోలినావంట గదా తాతా, తుపాకి పట్టలేదంట" అన్నాడొక కుర్రాడు.

"తోలినా. ఆ తుపాకులెక్కించింది వాటి మీదనే గదరా. పట్టుకున్నోడు ఒకటి చూస్తాడు, మోసినోడు వెయ్యి చూస్తాడు."

పెద్దయ్యాక, పత్రికలో పనిచేసే రోజుల్లో ఒక విశ్రాంత సైనికాధికారి చెబితే తెలిసింది, అలా తీగ చుట్టిన తుపాకుల్ని ఒకప్పుడు చేతిబాంబులు దూరంగా విసరడానికి వాడేవారట. ఆ అదురుకు వాటి గురి చెడడం మామూలేనట. అప్పట్లో ఆ సంగతి చెప్పేవారు మా ఊళ్ళో లేరు.

కాల్పులు దిబ్బల దగ్గర జరిగేవి. పుస్తకాల పార్సిళ్ళ అట్టలు అతికించి, మధ్యలో దీపపు మసి గంజిలో కలిపి గుండ్రంగా పూసి, ఆరు గురి అట్టలు నాన్న తయారు చేశాడు. వంద గజాల దూరంలో వాటిని దిబ్బకు ఆనించి నిలబెట్టి, పక్కనే తవ్విన గోతిలో నాన్నా నేనూ కూర్చునేవాళ్ళం. ఒక్కొక్కరి కాల్పులూ అయ్యాక నాన్న తెల్ల తుండు ఊపేవాడు, నేను పరుగెత్తి అట్ట చూసి, నల్లదాంట్లో ఎన్ని పడ్డాయో గొంతెత్తి అరిచి, చిల్లులన్నిటికీ మైదా జిగురుతో పాత వార్తాపత్రిక ముక్కలు అతికించేదాన్ని. హవల్దారు గారు మోకాలి వల్ల కుర్చీ వదిలి వచ్చేవారు కారు. ఆయన అడిగింది అంకె, నేను చెప్పింది అంకె. మొదటి శనివారం ఏలియన్నకు సున్నా. రెండో శనివారం కూడా సున్నా అరిచేసరికి నా గొంతు నాకే దొంగతనం చేసినట్టు వినిపించింది. "నీ కన్ను సరిలేదప్పా" అన్నారాయన, తిట్టకుండా, జాలిగా. ఆ జాలి ఏలియన్నను తిట్టుకన్నా ఎక్కువ కుంగదీసింది. ఆ వారమంతా అతను ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, దూరాన తాటిచెట్ల గెలలు లెక్కపెట్టుకుంటూ కనబడేవాడు.

సోమవారం సాయంత్రం వసారాలో కూర్చుని తుపాకి చెక్కకు అవిసె నూనె రుద్దుతుండగా, భుజానికి ఆనించే కొసన ఉన్న చిన్న ఇత్తడి తలుపు అతని బొటనవేలికి తగిలి తెరుచుకుంది. నూనె సీసా దాచుకునే బొరియ అది. సీసా లేదు. నూనె గుడ్డ ముక్కలో చుట్టిన కాగితం ఉంది, పసుపు తిరిగి, మడతల దగ్గర చిరిగి. దాని మీద ఒక్క అక్షరం లేదు. పెన్సిలుతో గీసిన సున్నా, దానికి కింద ఎడమపక్కన గుంపుగా అయిదు చుక్కలు, పైన కుడిపక్కన సున్నాకు అంతే దూరంలో ఒక శిలువలాంటి గుర్తు, అంతే.

ఆ మూడు నాలుగు రోజులు ఊరికి వేరే పని లేదు. కోటయ్య తాత చూడగానే అది బస్రా దగ్గరి కోట అన్నాడు, చుక్కలు గుడారాలు, కంచరగాడిదలు కట్టేసింది ఆ పక్కనే అన్నాడు. నాన్న కాగితాన్ని దీపం ముందు పెట్టి చాలాసేపు చూసి, అయిదుగురు పడిపోయిన చోటు అయి ఉంటుందనీ, శిలువ వాళ్ళ సమాధి గుర్తనీ తేల్చాడు. ఈస్టరుకు ముందు జరిగే శ్రమల దినాల ప్రార్థనలో ఆ అయిదుగురి కోసం ఒక మాట కూడా చేర్చాడు. బడిలో ఉన్న ఒక్క అట్లాసు ముందేసుకుని నేను, గుండ్రటి కొండలున్న దేశాలన్నీ వెతికాను. హవల్దారు గారొక్కరే ఆ కాగితం చూడలేదు. చూపిద్దామంటే ఏలియన్న, "సున్నా కొట్టినోడికి బొమ్మలెందుకంటాడు" అని వద్దన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మర్నాటి కోసం అట్టలు ఎండలో పెట్టాను. నాలుగో అట్ట మీద నేను అతికించిన ముక్కలు పది, రెండు వారాలవి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒకే చోట ఉన్నాయి. మిగతావాళ్ళ అట్టల మీద ముక్కలు విత్తనాలు చల్లినట్టు చెదిరి ఉన్నాయి. వృత్తానికి కింద, ఎడమపక్కన ఉన్న ఆ గుంపును చూస్తూ కాసేపు నిలబడి, ఇంట్లోకి పోయి అట్లాసులోంచి కాగితం తెచ్చి అట్ట పక్కన పెట్టాను. కయ్యల గట్టు మీద ఏలియన్న ఉప్పు గంపతో వస్తున్నాడు. రెండూ పట్టుకుని పరుగెత్తి చెప్పాను.

"ఏలియన్నా, ఇది ఊరు కాదు. ఇది నీ అట్ట."

అతను గంప దించి, చేతులు లుంగీకి తుడుచుకుని, కాగితాన్నీ అట్టనూ మార్చి మార్చి చూశాడు. చుక్కలున్నది గుళ్ళు పడే చోటైతే, శిలువ ఉన్నది గురి పెట్టాల్సిన చోటు. హవల్దారు గారితో చెబుదామన్నాను. "ఇప్పుడు చెబితే తుపాకి మీదకి నెట్టేస్తా ఉండానంటాడు. అట్ట చూసింది నువ్వే గదా, ముందే ఎందుకు చెప్పలేదని నిన్నూ అడుగుతాడు. కొట్టి చూపిస్తా" అన్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "తప్పితే మాత్రం మా అమ్మకి చెప్పబాక, నల్లదాన్ని వదిలిపెట్టి ఉత్త అట్టకి కొట్టినానని" అన్నాడు.

మర్నాడు గోతిలో కూర్చుని నేను కళ్ళు మూసుకున్నాను. అయిదు దెబ్బలు అట్టకు తగిలి దిబ్బలో దిగిన చప్పుడు ఒక్కొక్కటే విన్నాను. నాన్న తుండు ఊపాడు. పోయి చూస్తే నల్లటి మసిలో నాలుగు చిల్లులు, అయిదోది అంచు మీద. "నాలుగు" అని అరిచాను. కాసేపటికి హవల్దారు గారు కుర్చీ వదిలి, ఇసుకలో కాలీడ్చుకుంటూ వంద గజాలూ నడిచి వచ్చారు. చిల్లుల్ని చూశారు, కింద గుంపుగా ఉన్న నా కాగితపు ముక్కల్ని వేలితో తడిమారు. వెనకే వచ్చిన ఏలియన్న జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. ఆయన వెనక్కి పోయి, మోకాలు వంగక నానా అవస్థపడి బోర్లా పడుకుని, నాలుగో నెంబరుతో నడిమధ్యకు గురిపెట్టి ఒకే ఒక్కటి కాల్చారు. అది పోయి నా ముక్కల గుంపులోనే పడింది.

"ఇన్ని దినాలు నాకు చెప్పలేదే" అన్నారు ఏలియన్నతో.

"చెప్పనిచ్చినారా సార్" అన్నాడు ఏలియన్న.

ఆయన పుస్తకం తెరిచి ఏలియన్న పేరు ఎదురుగా నాలుగు అని రాసుకున్నారు. నెల్లూరు పోగానే గొట్టం కొసన ఉన్న గురిని సరిచేయిస్తాననీ, ఆ తర్వాత ఈ బొమ్మను నమ్మినవాడు తప్పుతాడు కనుక ఇది తుపాకిలో ఉండకూడదనీ చెప్పి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. సుందరమ్మ ఆ సాయంత్రం మా ఇంటికి బెల్లమేసి వండిన అటుకులు తెచ్చింది. అది మామూలుగా వాళ్ళింట్లో పండగ నాడే.

ఏలియన్న పట్టాళంలో చేరి, రెండు యుద్ధాలు చూసి, నాయక్‌గా దిగి, ఊరికి తిరిగొచ్చి, తల్లి చివరి పదేళ్ళూ ఆమె దగ్గరే ఉన్నాడు. మొన్న తలుపు వాసన తగిలాక మనసు నిలవక బస్సెక్కి పోయి అతన్ని చూసి వచ్చాను. ఉప్పు కయ్యలు లేవు. వాటి చోట రొయ్యల గుంటల్లో నీళ్ళు చిమ్మే చక్రాలు పొద్దస్తమానం తిరుగుతున్నాయి. దిబ్బల ఇసుక లారీల్లో పోయింది. బడి పెంకులు దించి స్లాబు వేశారు. ఆ కాలపు తుపాకుల్ని పోలీసులు ఎప్పుడో పక్కన పెట్టేశారనీ, కరిగించి ఉంటారనీ అక్కడెవరో అన్నారు. హవల్దారు గారి చొక్కా జేబు ఏ చాకలి రేవులో ఖాళీ అయిందో. ఏలియన్నకు ఎనభై దాటాయి, చూపు మాత్రం ఇప్పటికీ పదును. ఇన్నేళ్ళూ నన్ను వదలని ప్రశ్న అడిగాను: ఆ బొమ్మ గీసినవాడు ఏ యుద్ధంలో చనిపోయి ఉంటాడు?

"పోలేదు పాపా" అన్నాడు. "నా తుపాకి ఎటు లాగుతాదో నాకు తెల్సు. నిద్దర్లో లేపి అడిగినా చెబుతా. నాకు కాగితం ఎందుకు? నేను పట్టాళంలోంచి దిగిపోయిన దినం స్టోర్లో తుపాకి ఇచ్చేస్తా ఉంటే, రేపు దీన్ని ఎవురికిస్తారో, వాడికి దీని సంగతి ఎవురు చెబుతారా అనిపించింది. అప్పుడు తెలిసింది నాకు. చచ్చిపోయినోడు బొమ్మ గీయడు. వాడు తుపాకి అప్పజెప్పేసి ఇంటికి పోయినాడు."