చింతపండులో నానిన పళ్లు

చింతపండు పిప్పితో ఇత్తడి బిందె తోముతుంటే ఆ పులుపు వాసనకి ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మస్తాన్ సార్ గుర్తొస్తారు. బెజవాడలో ఒక కాలేజీలో పాతకాలపు ఎముకలు దాచిన గదికి ఆయన పెద్ద. నేను ఆ గది ఊడ్చేదాన్ని. చదువు మూడో తరగతితో ఆగింది, భర్త పోయాడు, ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని సాకాలి.

పనిలో చేరిన వారానికే పెద్ద అధికారులు గది చూడ్డానికి వస్తున్నారన్నారు. అక్కడ ఒక చెక్కపెట్టెలో ముప్ఫై పళ్లుండేవి. ఇప్పుడు భూమ్మీద లేని అడవి ఎద్దులవట, కృష్ణ ఒడ్డున కంకరలో దొరికాయట. ఒక్కొక్కటి నా బొటనవేలికి రెండింతలు, నల్లగా, మట్టిపట్టి ఉన్నాయి. ఇలా చూపిస్తే నాకే మాటొస్తుందని, చారు కాచగా మిగిలిన చింతపండు పిప్పి ఇంటినుంచి తెచ్చి, పొద్దున్నే నానబెట్టి, మధ్యాహ్నానికి కొబ్బరిపీచుతో తోమేశాను.

సార్ వచ్చి ఒక పన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. “రత్తమ్మా, వీటిమీద తెల్లరంగు చుక్కలుండాలి, వాటిలో అంకెలు.”

“మరకలనుకున్నానండీ.”

“ఏ పన్ను ఎక్కడ దొరికిందో చెప్పేవి ఆ అంకెలేనమ్మా. అవి పోతే ఇవి ఉత్త రాళ్లు.”

“నన్ను మానెయ్యమంటారా?”

ఆయన బీరువాలోంచి ఒక నోటుబుక్కు తీశారు. ప్రతి పన్నుకీ పెన్సిలు బొమ్మ, పక్కన అంకె. “నా కళ్లకి అన్నీ ఒకేలా ఉన్నాయి. నీకు గొడ్ల సంగతి తెలుసా?”

“కంకిపాడులో పుట్టానండీ. గేదె పళ్లు చూసి వయసు చెప్పందే మా నాన్న ఎవర్నీ దాన్ని కొననిచ్చేవాడు కాదు.” నేను నేలమీద చతికిలబడబోయాను.

“కుర్చీలో కూర్చో. కిందనుంచి బొమ్మలు కనబడతాయా?”

ఆ గదిలో కుర్చీ ఎక్కడం అదే మొదలు. మేం చూసేది ముందుపళ్లు, ఇవి దవడపళ్లు. అయినా అరుగుదల అరుగుదలే. “ఇది ముసలిదండీ, మడతలే మిగల్లేదు. ఇది ఇంకా లేత” అంటూ ఒక్కోటీ బొమ్మ పక్కన పెట్టుకుంటూ పోయాను. సాయంత్రానికి ఇరవై ఎనిమిది కుదిరాయి. మిగిలిన రెండింటి పైభాగం పులుపు తినేసింది. ఏది ఏదో తేలలేదు.

“ఏదో ఒక అంకె వేసెయ్యండి సార్, ఎవరికి తెలుస్తుంది?” అన్నాను.

“మనిద్దరికీ తెలుసు కదమ్మా” అని ఏదో రాసి బుక్కు మూశారు.

మర్నాడు దుమ్ము దులుపుతూ ఆ పేజీ తీసి కూడబలుక్కున్నాను. “ఈ రెండు పళ్ల జాడ పోయింది. పనిలోకొచ్చిన మనిషికి ముందే చెప్పి ఉంచకపోవడం నా తప్పు.” కింద ఆయన సంతకం. నా పేరు ఎక్కడా లేదు. అధికారులకీ అదే చూపించారు. వాళ్ల ముందు తల వంచుకుని నిలబడ్డది ఆయనే. నేను ఆ గదిలో ఇరవై ఏళ్లు చేశాను.

మా ఇంట్లో నన్ను గయ్యాళంటారు, కాదనను. మొన్న కొత్తగా పనిలో కుదిరిన సుబ్బులు, కోడలు ముచ్చటపడి కొన్న నాన్‌స్టిక్ పెనాన్ని ఇనుపపీచుతో తోమి తెల్లగా చేసేసింది. కోడలు గుడ్లురిమింది. నేనూ నోరు తెరిచాను, అంతలోనే ఆగాను. ఈ మనిషికి ముందు ఎవరైనా చెప్పామా? చెప్పలేదు. సుబ్బులు అప్పటికే కొంగు దోపుకుని వెళ్లిపోవడానికి లేచింది.

“ఎక్కడికే? కూర్చో, ఏది దేనితో తోమాలో చూపిస్తాను” అన్నాను. అది నేలమీద కూర్చోబోయింది. కుర్చీ జరిపాను.